పెద్ద క్లబ్బుల కుర్రజట్లు చిన్న లీగుల కప్పులో ఆడితే తప్పేంటి?

ప్రశ్న ఇది: ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మూడో అంచె లీగ్ వన్, నాలుగో అంచె లీగ్ టూ క్లబ్బుల కోసం పెట్టిన ఈఎఫ్ఎల్ ట్రోఫీలో చెల్సీ, ఆర్సెనల్ లాంటి క్లబ్బుల అండర్-21 జట్లు కూడా ఆడుతున్నాయి. అక్కడి అభిమానులు దీన్ని ఎందుకంత తిట్టుకుంటారు? కుర్రాళ్లకు లాభమే కదా?

కుర్రాళ్లకు లాభమే. అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ లాభానికి అయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందన్న దాని మీద. అది తెలియాలంటే ముందు కప్పు నడిచే తీరు తెలియాలి.

ఈ కప్పు 1983-84లో మొదలైంది. మొదట్లో మూడో అంచె, నాలుగో అంచె క్లబ్బులకే పరిమితం. స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారుతుంది: ఒకప్పుడు షెర్పా వ్యాన్, తర్వాత ఆటో విండ్‌స్క్రీన్స్, జాన్‌స్టోన్స్ పెయింట్, చెకట్రేడ్, పాపా జాన్స్, ఇప్పుడు వెర్టు. పేర్లు వింటే నవ్వొస్తుంది కానీ, పై అంచెకు చేరేందుకు ఆడే ప్లేఆఫ్ ఫైనల్‌ను పక్కనపెడితే ఈ స్థాయి క్లబ్బు లండన్‌లోని జాతీయ స్టేడియం వెంబ్లీలో అడుగుపెట్టడానికి నమ్మకమైన దారి ఇదొక్కటే. 2019లో పోర్ట్స్‌మత్, సండర్లాండ్ ఆడిన ఫైనల్‌కు 85,021 మంది వచ్చారు. కాబట్టి ఎవరూ పట్టించుకోని కప్పు అనుకోకండి. మొదటి రౌండ్లలో ఎవరూ పట్టించుకోరు, చివరి రెండు రౌండ్లకు ఊరు ఊరంతా కదులుతుంది.

2016కు ముందు పదేళ్లు 48 క్లబ్బులు, నేరుగా నాకౌట్. ఓడితే ఇంటికే. 2016-17లో 16 అకాడమీ జట్లను, అంటే పెద్ద క్లబ్బుల ఆ కుర్రజట్లను, కలిపి 64 చేశారు. నలుగురేసి చొప్పున 16 గ్రూపులు, ఒక్కో గ్రూపులో ముగ్గురు లీగ్ క్లబ్బులు, ఒక అకాడమీ. ప్రయాణ ఖర్చు తగ్గాలని ఎనిమిది గ్రూపులు ఉత్తరాన, ఎనిమిది దక్షిణాన. గెలిస్తే 3 పాయింట్లు. డ్రా అయితే చెరొకటి, ఆపైన పెనాల్టీలు కొట్టించి గెలిచినవాళ్లకు ఇంకొకటి. గ్రూపులో మొదటి రెండు జట్లు ముందుకెళ్తాయి. అక్కడి నుంచి ఐదు నాకౌట్ రౌండ్లు, అంటే కప్పు ఎత్తాలంటే మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు.

అకాడమీ జట్టు సాధారణంగా గ్రూపులో మూడు మ్యాచ్‌లూ బయటే ఆడుతుంది. దీనివల్ల లీగ్ క్లబ్బుకు సొంత మైదానంలో రెండు, బయట ఒకటి పడతాయి. పాత పద్ధతిలో మొదటి రౌండ్‌లోనే ఓడినవాళ్లకు ఒక్క మ్యాచే దక్కేది, అదీ సొంత మైదానంలో ఉంటుందన్న భరోసా లేకుండా. కాగితం మీద చూస్తే చిన్న క్లబ్బుకు ఇది మేలే. ప్రైజ్ డబ్బు కూడా పెరిగింది. క్లబ్బులు ఓటేసి ఒప్పుకున్నది ఇందుకే. అయితే సొంత మైదానంలో దొరికిన ఆ అదనపు మ్యాచ్ మంగళవారం రాత్రి ఎవరికీ పేర్లు తెలియని కుర్రాళ్లతో. స్టేడియంలో ఒకటో రెండో స్టాండ్లు తెరిచి మిగతావి మూసేస్తారు. సెక్యూరిటీ, లైట్లు, సిబ్బంది ఖర్చు మాత్రం జనం తగ్గారని అదే లెక్కన తగ్గదు.

ఇక కోపం సంగతి. మూడు పాత గాయాలు ఒకేసారి రేగాయి.

మొదటిది 2014 నాటిది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏకు అప్పటి ఛైర్మన్ గ్రెగ్ డైక్ కమిషన్ ‘లీగ్ త్రీ’ అనే కొత్త అంచె పెట్టి అందులో ప్రీమియర్ లీగ్ క్లబ్బుల బీ జట్లను, అంటే రెండో జట్లను, ఆడిద్దామంది. చిన్న క్లబ్బుల అభిమానులు భగ్గుమన్నారు, ఆ ప్రతిపాదన మూలపడింది. రెండేళ్లకే కప్పులో అకాడమీ జట్లు కనిపించేసరికి, ముందు తలుపు మూస్తే పెరటి దారిన వచ్చారని అనుకున్నారు. నన్నడిగితే ఆ అనుమానానికి కారణం ఉంది. మ్యాచ్‌లకు వెళ్లొద్దని పిలుపునిచ్చిన బహిష్కరణ ఉద్యమం పేరులోనే ‘బీ టీమ్’ అన్న మాట ఉండటం ఊరికే కాదు.

రెండోది 2012లో అమల్లోకి వచ్చిన ఎలీట్ ప్లేయర్ పెర్ఫార్మెన్స్ ప్లాన్. ఇది అకాడమీలను నాలుగు కేటగిరీలుగా విడగొట్టింది, కేటగిరీ వన్ అన్నిటికన్నా పైది. పెద్ద క్లబ్బు చిన్న క్లబ్బు నుంచి పిల్లాణ్ని తీసుకుపోతే ఇవ్వాల్సిన పరిహారానికి స్థిరమైన రేటు పెట్టింది. 9 నుంచి 11 ఏళ్ల మధ్య శిక్షణకు మొదట్లో ఏడాదికి 3,000 పౌండ్లే. అంతకుముందు ట్రిబ్యునల్ ముందు వాదించుకుని ఎక్కువ రాబట్టుకునే వీలుండేది. ఇప్పుడు లీగ్ టూ అభిమాని కళ్లతో చూడండి: మీ ఊరి అకాడమీలో పెరిగిన పిల్లాడు కొద్దిపాటి డబ్బుకు కేటగిరీ వన్ అకాడమీకి పోయాడు, ఆ తర్వాత ఆ జెర్సీతోనే వచ్చి మీ కప్పులో మిమ్మల్ని ఓడిస్తాడు.

మూడోది నాకు అన్నిటికన్నా విడ్డూరంగా తోచేది: తుది జట్టు నియమం. కుర్రాళ్ల ఎదుగుదల కోసమే ఈ మార్పు అన్నారు. అకాడమీ కుర్రాళ్లకు గట్టి పోటీ దొరకాలి కాబట్టి లీగ్ క్లబ్బులు బలమైన జట్టునే దించాలన్నారు. మొదటి ఏడాది ఆరంభ పదకొండు మందిలో కనీసం ఐదుగురు మొదటి జట్టువాళ్లు ఉండాలి, లేకపోతే జరిమానా. లూటన్ తన సొంత అకాడమీ కుర్రాళ్లను ఆడించి, వెస్ట్ బ్రామ్ అకాడమీతో పాటు గిలింగ్‌హామ్‌నూ ఓడించింది. బహుమతిగా 15,000 పౌండ్ల జరిమానా పడింది. పోర్ట్స్‌మత్‌కూ అంతే పడింది. ఇంగ్లండ్ కుర్రాళ్లను పెంచడానికి పెట్టిన పోటీలో కుర్రాళ్లను ఆడించినందుకే శిక్ష! చెల్సీ కుర్రాడైతే భవిష్యత్తు, లూటన్ కుర్రాడైతే నియమోల్లంఘన.

నియమం ఉన్నచోట కంత ఉంటుంది. బరీతో మ్యాచ్‌లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ మొదటి గోల్‌కీపర్ కోలిన్ డోయల్‌ను దించి, మూడో నిమిషంలోనే వెనక్కి పిలిచేసింది. లెక్క కోసం అతను ‘ఆరంభించాడు’, అంతే. తర్వాతి ఏడాది నియమం సడలించారు. గోల్‌కీపర్‌ను లెక్కలోంచి తీసేసి, మిగతా పది మందిలో నలుగురు అర్హులుంటే చాలన్నారు. అర్హత దారులూ పెంచారు: ముందు మ్యాచ్‌లోనో తర్వాతి మ్యాచ్‌లోనో ఆరంభంలో ఆడినవాడు, ఆ సీజన్‌లో ఎక్కువసార్లు ఆరంభించిన మొదటి పది మందిలో ఒకడు, కెరీర్‌లో 40 సీనియర్ మ్యాచ్‌లు దాటినవాడు, ప్రీమియర్ లీగ్ నుంచో కేటగిరీ వన్ క్లబ్బు నుంచో అరువుకొచ్చినవాడు. ఈ చివరి దారి గమనించారా? పెద్ద క్లబ్బు నుంచి అప్పు తెచ్చుకున్న పంతొమ్మిదేళ్లవాడు లెక్కలోకొస్తాడు, మీ ఊళ్లోనే పెరిగిన పంతొమ్మిదేళ్లవాడు రాడు.

అకాడమీల వైపు కూడా కట్టుబాట్లున్నాయి. ఆరంభ పదకొండులో కనీసం ఆరుగురు జూన్ 30 నాటికి 21 ఏళ్లలోపు ఉండాలి. 21 దాటి, 40 సీనియర్ మ్యాచ్‌లు ఆడేసినవాళ్లు షీట్ మీద ఇద్దరికి మించకూడదు. గాయం నుంచి కోలుకుంటున్న సీనియర్‌ను ఈ మ్యాచ్‌తో ‘పరీక్షించుకోవడం’ ఇలాగే సాధ్యమవుతుంది. అందువల్ల ఒకే అకాడమీ సెప్టెంబరులో ఒక జట్టులా, నవంబరులో వేరే జట్టులా కనిపిస్తుంది. అదే గ్రూపులోని ముగ్గురు లీగ్ క్లబ్బులకు ముగ్గురు వేర్వేరు ప్రత్యర్థులు దొరికినట్టే. ఇది చిన్న అన్యాయమే కానీ గ్రూపు పట్టిక చూసేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

మైదానంలో ఏం జరుగుతుందంటే, మొదటి ఇరవై నిమిషాలు కుర్రాళ్లదే బంతి. వెనక నుంచి చక్కగా పాస్‌లు కట్టుకుంటూ వస్తారు. తర్వాత లీగ్ వన్ జట్టు కార్నర్లు, పొడుగు త్రోలు, ఎగిరిపడ్డ రెండో బంతి మీదకు దూకడం మొదలుపెడుతుంది. అకాడమీ లీగులో ఇవి ఇంత మొరటుగా ఎదురుకావు, పైగా అక్కడ కిందికి దిగజారతామన్న భయమూ ఉండదు. ఎదురుగా ఉన్న ముప్పై మూడేళ్ల సెంటర్‌బ్యాక్‌కు మాత్రం వచ్చే వేసవిలో కొత్త కాంట్రాక్టు దొరుకుతుందో లేదో తెలియదు. ఆ తేడా భుజం తగిలినప్పుడు తెలుస్తుంది. కుర్రాడికి దక్కే అసలు పాఠం ఇదే, అందుకే లాభం నిజమేనన్నాను. 2016లో వద్దన్న ఆర్సెనల్, మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ లాంటి క్లబ్బులు తర్వాత తామే వచ్చి చేరాయి.

మరి వీళ్లు కప్పు ఎగరేసుకుపోతున్నారా? 2024-25 వరకు ఒక్క అకాడమీ కూడా ఫైనల్ చేరలేదు. 2018లో చెల్సీ అండర్-21 సెమీఫైనల్ దాకా వచ్చి, లింకన్ సిటీ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఆ లింకనే వెంబ్లీలో కప్పు ఎత్తింది. ‘ఇంతకాలం గెలవలేదుగా, భయమెందుకు’ అనేవాళ్లు ఇటలీ వైపు చూడాలి: మూడో అంచె క్లబ్బుల కప్పు అయిన కొప్పా ఇటాలియా సెరీ సీని 2020లో యువెంటస్ అండర్-23 గెలుచుకుంది. స్పెయిన్‌లో 1980లో రియల్ మాడ్రిడ్ తన సొంత రెండో జట్టు కాస్తియాతోనే కోపా డెల్ రే ఫైనల్ ఆడి 6-1తో గెలిచింది. 1990-91 నుంచి అక్కడ బీ జట్లకు ఆ కప్పులో చోటు లేదు. జర్మనీ కూడా 2008లో రెండో జట్లను జాతీయ కప్పు నుంచి తప్పించింది. రెండు దేశాల్లోనూ బీ జట్లు లీగుల్లో మాత్రం మామూలుగా ఆడుకుంటున్నాయి.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఇండియన్ యారోస్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన కుర్రజట్టును జాతీయ లీగు ఐ-లీగ్‌లో ఆడించింది, ఎంత ఓడినా కింది అంచెకు పంపకుండా మినహాయింపు ఇచ్చింది, 2022లో ఆపేసింది. అక్కడా ఇదే చిక్కు: పోగొట్టుకోవడానికేమీ లేని జట్టు, పోగొట్టుకుంటే మునిగిపోయే జట్టు ఒకే పట్టికలో.

నా అభిప్రాయం అడిగితే, గ్రూపు దశ వరకు ఆడనివ్వండి, నాకౌట్‌కు పంపొద్దు. అకాడమీ మీద వచ్చిన పాయింట్లు లీగ్ క్లబ్బులకు యథాతథంగా లెక్కించండి. అకాడమీ మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే దాని చోటు తర్వాతి క్లబ్బుకు ఇవ్వండి. నాకౌట్‌లోని 32లో ప్రతి స్థానమూ లీగ్ క్లబ్బుదే అవుతుంది. లీగ్ క్లబ్బు మీద తుది జట్టు నియమం పూర్తిగా ఎత్తేయండి. సొంత కుర్రాళ్లను దించితే దించనివ్వండి, గ్రూపు దాటాలన్న ఆశే వాళ్లకు పగ్గం. అకాడమీ జట్ల దగ్గర మ్యాచ్ ఆతిథ్య ఖర్చుకు తగ్గ రుసుము తీసుకోండి, ఖాళీ స్టాండ్ల భారం చిన్న క్లబ్బు మోయక్కర్లేదు.

దీనికి వచ్చే అభ్యంతరం తెలుసు: ముందుకెళ్లే వీలే లేకపోతే అకాడమీ కుర్రాళ్లు మనసుపెట్టి ఆడరని. ఆ వయసు కుర్రాడు ఆడేది గ్రూపు పట్టిక కోసం కాదు. ఆ జట్టులో చాలామందికి మొదటి జట్టులో చోటు దొరకదని వాళ్లకే తెలుసు. స్టాండ్లలో కూర్చున్న ఆ కొద్దిమందిలో లీగ్ వన్, లీగ్ టూ స్కౌట్లుంటారు. జనవరిలో అరువుకో, వేసవిలో శాశ్వతంగానో తీసుకెళ్లేది వాళ్లే.