గడప దగ్గర ఆగే కాళ్లు మెట్ల మీద ఎందుకు ఆగవు?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 67. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్ వ్యాధికి లెవోడోపా మాత్రలు వాడుతున్నారు. వంటింటి గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. మొన్న అలిపిరికి తీసుకువెళితే పాదాలమండపం దాటాక ఇరవై మెట్లు నా చెయ్యి పట్టుకోకుండానే ఎక్కారు. డాక్టరుగారి ముందు కూడా చక్కగా నడిచారు. ‘ఇంట్లో కావాలనే అలా చేస్తున్నారు’ అని మా పెదనాన్నగారు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిజం కాదు. ఆ సంగతి ముందు మీ పెదనాన్నగారికి చెప్పండి. ఇలా ఆగిపోవడాన్ని వైద్యులు ‘ఫ్రీజింగ్’ అంటారు. ఆలోచించనక్కర లేకుండా దానంతటదే సాగవలసిన నడక ఈ వ్యాధిలో తడబడుతుంది. మెట్లు మాత్రం ఒక్కొక్కటీ కంటికి ఎదురుగా గీత గీసినట్టు కనబడి, అడుగు ఎక్కడ వేయాలో చెబుతాయి కాబట్టి, చదును నేల మీద ఆగిపోయేవారు కూడా మెట్లు ఎక్కేయగలరు. అంతమాత్రాన ఆయనను మెట్ల మీద ఒంటరిగా వదలకండి.

డాక్టరు ముందు బాగా నడవడంలోనూ వింత లేదు. ఎవరైనా చూస్తున్నప్పుడు మనిషి నడక మీద మనసు పెడతాడు. పైగా మాత్ర బాగా పనిచేస్తున్న వేళలో వెళ్లి ఉంటారు. వరండాలో తిన్నగా నడిపించి చూస్తే ఈ లోపం తరచు దొరకదు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనే పరీక్షలో ఎన్ని సెకన్లు పట్టిందన్నది ఒక్కటే కాదు, వెనక్కి తిరగడానికి ఎన్ని చిన్న చిన్న అడుగులు వేశారన్నదీ, ఏ చెయ్యి ఊగడం లేదన్నదీ చూడాలి. నిలబడ్డ చోటే కుడికీ ఎడమకీ వేగంగా గుండ్రంగా తిరగమంటే, లేదా 100లోంచి 7 చొప్పున తీసివేస్తూ నడవమంటే దాగిన ఫ్రీజింగ్ బయటపడుతుంది. వెనుక నుంచి భుజాలు లాగి నిలకడ చూసే పరీక్ష డాక్టరే చేయాలి, ఇంట్లో ప్రయత్నించవద్దు. పడుకున్నప్పటి బీపీతో పోలిస్తే, నిలబడిన 3 నిమిషాలలోపు పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, తూలడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

మీ ఊరి స్విమ్స్ ఆసుపత్రిలోనైనా మరెక్కడైనా, ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు వారం రోజుల చీటీ ఒకటి తీసుకువెళ్లండి: మాత్ర వేసుకున్న గంట, కాళ్లు ఆగిన గంట, ఆగిన చోటు. గడప దగ్గర పాదాలు కనబడేలా ఫోనులో తీసిన వీడియో కూడా ఉండాలి. మాత్ర ప్రభావం తగ్గిన వేళ మాత్రమే ఆగుతున్నారా, బాగా పనిచేస్తున్న వేళ కూడానా అన్నది తేలితే చికిత్స దారి మారుతుంది. మాత్రలు మీరుగా పెంచడం, తగ్గించడం మాత్రం చేయకండి.

ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగితే ముందుకు పడిపోతారు. ఒక్క క్షణం నిలబడనిచ్చి, బరువు ఒక కాలి మీదికి మార్చి, రెండో కాలు ఎత్తి వేయమనండి. గడపకు ముందు అడుగుకొకటి చొప్పున రంగు టేపు అడ్డంగా అంటించి చూడండి. ముగ్గు గీతలైతే చాలవా అని అడుగుతారేమో, ముగ్గుపిండి మీద కాలు జారుతుంది.