పేరు చూడకుండా దిద్దితే ఎన్ని వేసేవారు?

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి బయాలజీ చెప్తాను. మొన్న యూనిట్ టెస్టులో కిరణజన్య సంయోగక్రియ మీద 4 మార్కుల ప్రశ్న ఇచ్చాను. ఇద్దరమ్మాయిలు దాదాపు ఒకేలా రాశారు, ఇద్దరూ సమీకరణం వదిలేశారు. ఒకరికి మూడున్నర వేశాను, ఇంకొకరికి రెండే. ఆ రెండు వచ్చిన అమ్మాయి పేపర్లు పక్కపక్కన పెట్టి చూపించేదాకా నాకు తట్టనేలేదు. నేను కులం, డబ్బు చూసే మనిషిని కాదండీ. అప్పట్నుంచి ఎర్ర పెన్ను పట్టుకుంటే టెన్షన్. నాలో నాకే తెలియని వివక్ష ఉందా?
- ఒక టీచర్, ఖమ్మం

జవాబు: ఉండే ఉంటుంది మేడం, మీ ఒక్కరిలోనే కాదు. మూడున్నర వేసేటప్పుడు ఏమనుకున్నారో గుర్తు తెచ్చుకోండి. 'దీనికి రాకపోవడమేంటి, తొందర్లో వదిలేసుంటుంది' అనుకుని ఉంటారు. రెండో పేపరు దగ్గర 'బట్టీ పట్టింది, అర్థం కాలేదు' అని. ఇద్దరూ వదిలింది ఒకటే, మీరు ఒకరికి మతిమరుపు అంటగట్టారు, ఇంకొకరికి తెలివితక్కువతనం. అలా అనుకునేటప్పుడు అది వివక్షలా అనిపించదు, పిల్లల గురించి మనకున్న అనుభవంలా అనిపిస్తుంది, అందుకే దొరకదు.

రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే దీన్ని పరీక్షించి 2012లో ప్రచురించారు. పిల్లలు రాసిన పేపర్లకు పై పేజీలో వయసు, ఆడా మగా, కులం లాటరీ తీసినట్టు మార్చి రాసి టీచర్లకు దిద్దమని ఇచ్చారు. కింది కులాలుగా చూసే కులాల పేర్లున్న పేపర్లకు మార్కులు తగ్గాయి, కొంచెమే అనుకోండి. కానీ ఆ తగ్గించింది ఎక్కువగా ఆ కులాల నుంచి వచ్చిన టీచర్లే. కాబట్టి 'నేనలాంటి మనిషిని కాదు' అన్న మాట ఇక్కడ పెద్దగా పనికిరాదు.

రాత్రంతా మనసు తవ్వుకుంటూ కూర్చోవద్దు, పని పద్ధతి మార్చండి. ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌లో పేరు, హాల్‌టికెట్ నంబరు కనపడకుండా కోడింగ్ చేసిన పేపర్లే ఇస్తారు కదా, దిద్దేవాళ్లంతా చెడ్డవాళ్లనా? మీరూ పై పేజీ మడిచేసి, ఒక పిల్లదంతా ఒకేసారి కాకుండా అందరిదీ ఒకటో ప్రశ్న, తర్వాత అందరిదీ రెండోది దిద్దండి, లేకపోతే మొదటి జవాబు బాగుంటే ఆ మంచి పేరే చివరిదాకా మార్కులు వేయిస్తుంది. చేతిరాత చూసి ఎవరిదో పోల్చుకుంటారు, దానికేం చేయలేం, వీలైతే వేరే సెక్షన్ టీచరుతో పేపర్లు మార్చుకోండి. సమీకరణానికి ఇంత, బొమ్మకు ఇంత అని ముందే కాగితం మీద రాసి పెట్టుకుని ఉంటే అసలు ఈ తిప్పలే వచ్చేవి కావు.

అన్నట్టు ఆ అమ్మాయి మార్కులు సరిచేశారో లేదో రాయలేదు. చేయకపోతే రేపే చేయండి. ఉపన్యాసమేమీ అక్కర్లేదు, 'నేనే తప్పు దిద్దానమ్మా' అంటే సరిపోతుంది.