వాలీబాల్‌ను వృత్తిగా చేసుకుని ఒక మహిళ బతకగలదా?

బతకగలదు, అయితే మన దేశంలో ఆమెకు జీవనాధారం సాధారణంగా లీగ్ ఒప్పందం కాదు, స్పోర్ట్స్ కోటాలో వచ్చే ఉద్యోగం. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్ పురుషులది కాబట్టి, క్రీడాకారిణులకు నెలనెలా జీతమిచ్చి, శిక్షణకూ పోటీలకూ వెసులుబాటు కల్పించేవి ప్రధానంగా రైల్వేల వంటి సంస్థలే. జాతీయ పోటీల్లో రైల్వేస్ మహిళల జట్టు ఏళ్ల తరబడి బలంగా నిలవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఉదాహరణకు, విశాఖపట్నంలో డిగ్రీ చదువుతూ రాష్ట్ర జట్టుకు ఆడిన అమ్మాయి రైల్వే నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసుకుంటే, ముందు మైదానంలో ట్రయల్స్ ఉంటాయి. వేగంగా వచ్చే సర్వీసును అదుపుచేసి బంతిని సెట్టర్‌కు (దాడి చేసే క్రీడాకారిణికి బంతిని అమర్చి ఇచ్చే ఆమెకు) అందించగలదా, బ్లాక్‌కు, అంటే నెట్ దగ్గర ప్రత్యర్థి కొట్టిన బంతిని అడ్డుకోవడానికి, సరైన క్షణంలో ఎగురుతుందా అన్నది సెలెక్టర్లు గమనిస్తారు. ట్రయల్స్‌కు కేటాయించిన 40 మార్కుల్లో కనీసం 25 వస్తేనే ఆమె పతకాలూ చదువూ లెక్కలోకి వస్తాయి.

పతకం ఉంటే చాలు, చదువుతో పనిలేదన్నది చాలామందిలో ఉన్న అపోహ; మంచి క్రీడాకారిణులకు ఇది నిజంగా నష్టం చేస్తోంది. పోస్టును బట్టి పదో తరగతి, ఇంటర్ లేదా డిగ్రీ తప్పనిసరి. వయసు కూడా 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి కాబట్టి, ఆట కోసం చదువును వాయిదా వేస్తే ఆ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.