కెమెరా కంపల్సరీ చేస్తే సోషల్ ప్రెజెన్స్ రాదండి

ఆన్‌లైన్ డిగ్రీ క్లాసులో అందరూ కెమెరా ఆపేసుకుంటున్నారు, కంపల్సరీ చేస్తే సోషల్ ప్రెజెన్స్, అంటే అవతల నిజంగా మనుషులున్నారన్న భావన, పెరుగుతుందా అని అడిగారు కదండి. నా అనుభవంలో అయితే పెరగదు. నేను అమలాపురంలో ఉండి ఆన్‌లైన్ బీకామ్ వాళ్ళకి స్టాటిస్టిక్స్ చెప్తుంటాను, మావాళ్ళలో కొందరు రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్లు చూసుకుంటూ వింటారు, కొందరికి ఇంట్లో వెనకాల జనం తిరుగుతుంటారు, ఇంక కెమెరా ఎక్కడ పెడతారు చెప్పండి, డేటా సంగతి సరేసరి.

సోషల్ ప్రెజెన్స్ అన్న మాటని 1976లో షార్ట్, విలియమ్స్, క్రిస్టీ అనే పరిశోధకులు తెచ్చినప్పుడు అదంతా ఫోనా, వీడియోనా అన్నదాన్ని బట్టే ఉంటుందన్నారు. కానీ 2000లో కెనడా నుంచి గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ ఒట్టి టైప్ చేసుకునే క్లాసుల్నే తీసుకుని, వాటిల్లోనూ అవతల మనిషున్నట్టు తెలుస్తుందని చెప్పారు. దానికి చూసే గుర్తులు కూడా బ్రహ్మవిద్యేం కాదు, పేరు పెట్టి పిలవడం, ముందువాళ్ళు అన్నదాన్ని పట్టుకుని మాట్లాడడం, ఓ జోకు వెయ్యడం, అలాంటివే.

కోర్సు తయారుచేసేటప్పుడే ఒకళ్ళతో ఒకళ్ళకి పనిపడేలా పెట్టాలండి. వారానికి 2 రిప్లైలు పెడితేనే మార్కులు అన్నారనుకోండి, ‘గుడ్ పాయింట్’ తప్ప ఏమీ రాదు, చదవలేక చావాలి. నేనైతే 5, 6 మందిని ఓ గ్రూపు చేసి నెల్లాళ్ళపాటు మీ ఊరి రేటు రాసి తెండి అంటాను. అంబాజీపేట వైపు వాళ్ళు వెయ్యి కొబ్బరికాయల రేటు, భీమవరం వాళ్ళు 100 కౌంట్ రొయ్య, అదే కిలోకి 100 తూగేది, తణుకు వాళ్ళు ధాన్యం బస్తా. ఒకళ్ళ దగ్గరున్నది ఇంకోళ్ళ దగ్గర ఉండదు, అన్నీ కలిస్తేగానీ ఏ రేటు ఎక్కువ ఊగుతోందో తేలదు. కిలో, బస్తా, వెయ్యి కాయలు, ఇలా దేని కొలత దానిదే కాబట్టి స్టాండర్డ్ డీవియేషన్లు, అంటే సగటు నుంచి రేటు ఎంత ఊగిందో చెప్పే అంకెలు, పక్కపక్కన పెడితే కుదరదు, ఆ ఊపు సగటులో ఎంత శాతమో చెప్పే కోఎఫిషియెంట్ ఆఫ్ వేరియేషన్ కావాలని వాళ్ళలోనే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఈలోపు ‘ఏరా, మీవైపు రొయ్య అలా పడిపోయిందేంటి’ అని వాయిస్ మెసేజ్‌లు మొదలైపోతాయి.

మాస్టారుగా మీరు కూడా అక్కడున్నట్టు తెలియాలి మరి. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే స్వయం కోర్సుల్లో వీడియో, మెటీరియల్, డిస్కషన్ ఫోరమ్, పరీక్ష అని 4 భాగాలు పెట్టారు, ఆ ఫోరమ్‌లోకి మాస్టారే రాకపోతే పిల్లలు మాత్రం ఎందుకొస్తారు? సోమవారం పీడీఎఫ్ పడేసే బదులు ఓ 2 నిమిషాలు వాయిస్ పెట్టి, పోయినవారం ఫలానా అమ్మాయి ఈ డౌట్ అడిగింది అని పేరుతో చెప్పండి. గుడ్‌మార్నింగ్ స్టిక్కర్లకి మాత్రం వేరే గ్రూపు పెట్టెయ్యండి, లేకపోతే పాఠం వాటికిందే కొట్టుకుపోద్ది.

కెమెరా వైవాకి, అంటే నోటి పరీక్షకి, ఉంచుకోండి, అక్కడ ఎవరు మాట్లాడుతున్నారో చూడాలి కాబట్టి.