అద్దె ఇంట్లో ఆకుల గోడకు 85 వేలా?

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో అద్దెకుంటున్నాను. చేతికొచ్చే జీతం 68,000. అద్దె 24,000తో కలిపి ఇంటి ఖర్చు 51,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా సిప్ 5,000. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. స్టోర్ రూమ్‌నే ఆఫీసు గది చేసుకున్నాను. ఏడడుగులకు ఆరడుగులు ఉంటుంది, కిటికీ లేదు. గంట కూర్చుంటే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. నిజం మొక్కలు పెట్టి చూశాను, బతకలేదు. మూడు గోడలకూ చెక్క అరలు కొట్టి, ప్లాస్టిక్ తీగలూ మొక్కలూ లైట్లతో నింపి ఇవ్వడానికి ఒక ఇంటీరియర్ సంస్థ 72,000 అడుగుతోంది, జీఎస్టీ అదనం. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. బ్యాంకులో 1,10,000 ఎఫ్‌డీ ఉంది. అది తీసేయనా, ఈఎంఐ పెట్టుకోనా, ఏడాది పాటు సిప్ ఆపనా?

జవాబు: మూడూ వద్దు. గది అందంగా ఉండాలనుకోవడంలో తప్పేం లేదు. రోజుకు తొమ్మిది గంటలు కూర్చునే చోటు అది. నాకు నచ్చనిది ఆ కొటేషనే.

ముందు దాని అసలు మొత్తం చూడండి. 72,000 మీద 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 12,960. మొత్తం 84,960. ఖర్చులూ సిప్పూ పోగా నెలకు మీకు మిగిలేది 12,000. ‘జీఎస్టీ అదనం’ అన్న రెండు ముక్కలకే మీ ఒక నెల మిగులు పోయి, పైన ఇంకో 960 కావాలి.

రెండోది, ఇల్లు మీది కాదు. అద్దె ఇంట్లో గోడకు కొట్టించిన అరలంటే అచ్చంగా గోడకు వేసిన సున్నమే. ఇది నా అనుభవం కూడా. కొన్నేళ్ళ కిందట నా అద్దె ఆఫీసులో క్లయింట్లు కూర్చునే చోట ఒక గోడంతా ఇలాంటి ఆకులు పెట్టించాను. మొదటి మూడు నెలలూ అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. దసరాకు దుమ్ము దులుపుదామని చూస్తే ఆకు మీద ఆకు, ప్రతి ఆకు మీదా బూడిదరంగు పొర. మా అబ్బాయి తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తూ పూటంతా కూర్చుంటే మూరెడు గోడ అయింది. ఖాళీ చేసిన రోజు ప్యానెళ్ళు ఊడదీస్తే వెనక బల్లి గుడ్లు, గోడ నిండా స్క్రూ రంధ్రాలు. ఓనరు పుట్టీకి, పెయింటుకు అడ్వాన్సులో కోసుకున్నాడు. ఆయన్ని అనడానికేముంది?

ఇక నో కాస్ట్ ఈఎంఐ. 84,960ని పన్నెండుతో భాగిస్తే నెలకు 7,080. చూడ్డానికి వడ్డీ లేదు. కానీ బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. ఆ వడ్డీకి సరిపడా సొమ్మును అమ్మేవాడు ముందే ధరలో తగ్గించి చూపిస్తాడు, అంతే. వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుంటే మీ పేరున అప్పు దాదాపు 78,440, వడ్డీ 6,520. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 1,170, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీదే. నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది. ఈఎంఐ పెడితే ఆరు వేల ఐదొందలు వదులుకునేవాడు, ‘ఒకేసారి కట్టేస్తాను, ఎంత తగ్గిస్తారు’ అంటే కూడా తగ్గించగలడు. ఈ మాట ఫ్రిజ్ కొనేటప్పుడూ అడగండి.

అప్పు తీరేదాకా కార్డు లిమిట్ కూడా ఆ మేరకు తగ్గి ఉంటుంది. ఏదో ఒక నెల టెన్షన్‌లో మినిమం డ్యూ మాత్రమే కట్టారా, మిగతా బిల్లు మీద చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువే వడ్డీ పడుతుంది. మూడున్నర అంటేనే ఏడాదికి 42 శాతం.

ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్ళొద్దు. 1,10,000 అంటే మీ ఇంటి ఖర్చుకు రెండు నెలల పైచిలుకు. ఉద్యోగం ఊడితే ఆదుకునేది అదొక్కటే. నన్నడిగితే అది మూడు లక్షలు కావాలి. సిప్ ఏడాది ఆపినా 60,000 దాటదు, ఈ బిల్లుకే చాలదు.

మరి గది సంగతి? మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘ఊపిరాడనట్టు’ అన్నది. ప్లాస్టిక్ ఆకులు గాలినివ్వవు. ఓనరును అడిగి, డక్ట్ వైపు గోడలో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. గోడకు రంధ్రం పడుతుంది కాబట్టి ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకోండి. ఇంటికి పనికొచ్చేదే కనుక సగం ఖర్చు ఆయనే పెట్టుకునే అవకాశమూ ఉంది, మొహమాటపడకండి. దీనికి 5,000 పక్కన పెట్టండి. ఓనరు కాదంటే తలుపు తీసి, గుమ్మం దగ్గర టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవడమే.

అరలకు 8,000. నట్లు బిగించే ఇనుప ర్యాకులు రెండు తీసుకోండి. ఇల్లు మారితే విప్పి ఆటోలో వేసుకుపోవచ్చు. మూడు గోడలూ నింపొద్దు, ఏడడుగుల గది ఇంకా ఇరుకైపోతుంది. వీడియో కాల్‌లో మీ వెనక కనిపించే గోడ ఒక్కటి చాలు. పచ్చదనానికి 6,000, లైట్లకు 2,000. మొత్తం 21,000. రెండు నెలల మిగులు 24,000 ఉంటుంది కదా, ఈ నెల ఫ్యాను, లైట్లు, మిగిలింది కలుపుకుని వచ్చే నెల ర్యాకులు, ఆకులు. 20 వాట్ల ఎల్‌ఈడీ రోజుకు తొమ్మిది గంటలు వెలిగినా నెలకు అయిదున్నర యూనిట్లు కూడా కాలదు. లైట్ల అడాప్టర్‌ను మాత్రం ఆకుల మధ్య దాచొద్దు. అది వేడెక్కుతుంది, ప్లాస్టిక్ అంటుకుంటుంది.

ఆకుల కోసం ఒకసారి బేగంబజార్ తిరిగి రండి. ‘ఎండకు రంగు పోదు, యూవీ క్వాలిటీ’ అని ఎక్కువ రేటు చెబితే తీసుకోకండి. మీ గదిలోకి ఎండే రాదు. గుబురు గడ్డిలా ఉండే ప్యానెళ్ళకన్నా వెడల్పాటి ఆకులున్న కుండీలు మేలు, కుళాయి కింద పెట్టి కడిగేయొచ్చు. తెల్ల కర్చీఫ్ తడిపి తీసుకెళ్ళి ఆకును గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే పక్క కొట్టుకు వెళ్ళండి. తెచ్చాక రెండు రోజులు బాల్కనీలో ఉంచి, ఆ ప్లాస్టిక్ వాసన పోయాకే గదిలో పెట్టండి.