అక్రమ ప్రవేశంపై రాస్తున్న యువ మిత్రునికి

మిత్రమా, నమస్కారం.

అక్రమ ప్రవేశానికి కొత్త చట్టంలో ‘శిక్ష పదింతలైంది’ అన్న శీర్షికతో మీరు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, కానీ శీర్షిక నిలవదు. పదింతలైనది శిక్ష మొత్తం కాదు, జరిమానా గరిష్ఠ పరిమితి మాత్రమే. భారతీయ శిక్షాస్మృతి 447వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలుండేది. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 329(3) ప్రకారం ఆ జరిమానా 5,000 వరకు ఉండవచ్చు. జైలు గడువు మాత్రం అదే మూడు నెలలు. ఇంట్లోకి చొరబడిన సందర్భానికి 448లో 1,000గా ఉన్న పరిమితి 329(4)లో 5,000 అయింది. ఏడాది వరకు జైలు అన్నది అలాగే ఉంది. 1860లో చట్టం చేసిననాటి అయిదు వందలకు ఈనాడు ఏపాటి బరువుందో తలచుకుంటే, ఇది కఠినత్వం కన్నా ఆలస్యంగా జరిగిన సవరణ అనిపిస్తుంది.

మారిన అంకెల మీదే దృష్టి పెట్టడంతో మారని నిర్వచనం మీ వ్యాసంలో మరుగున పడింది. పరాయివారి స్వాధీనంలోని ఆస్తిలో అడుగుపెట్టినంత మాత్రాన ఈ నేరం జరిగినట్టు కాదు. ఏదైనా నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్న వ్యక్తిని భయపెట్టాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. సక్రమంగా లోపలికి వెళ్లినవారు అలాంటి ఉద్దేశంతోనే అక్రమంగా అక్కడ ఉండిపోయినా నేరమే. వెళితే ఎదుటివారు చికాకు పడతారని తెలిసి ఉండడం ఒక్కటే సరిపోదని, వారిని చికాకు పెట్టడమే ప్రవేశం లక్ష్యమై ఉండాలని మాత్రి వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గేటు తీసి కరపత్రం పెట్టి వెళ్లే కుర్రవాణ్ని నేరస్థుడిగా చూపిన మీ ఉదాహరణ ఈ పరీక్షకు ఆగదు.

మీ పాఠకులకు ఎక్కువగా పనికొచ్చేది స్వాధీనం సంగతి. చట్టం అడిగేది పట్టా ఎవరి పేరున ఉందని కాదు, ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందని. అద్దెకున్నవారు ఊళ్లో లేని సమయంలో, వారిని బెదిరించి ఖాళీ చేయించాలని తాళం పగలగొట్టి సామాను బయట వేయించిన యజమాని, దస్తావేజులన్నీ తన పేరనే ఉన్నా ముద్దాయి కావచ్చు. మన పల్లెల్లో గట్టు తగాదా స్టేషన్‌కు వెళ్లినప్పుడు ‘ఇది సివిల్ వ్యవహారం, కోర్టుకు వెళ్లండి’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. అది కొన్నిసార్లు సరైన సమాధానం, కొన్నిసార్లు తప్పించుకునే మార్గం. ఏది ఎప్పుడో తెలియాలంటే స్వాధీనం, ఉద్దేశం అనే రెండింటినీ విడదీసి వివరించాలి. మీ వ్యాసంలో సగం చోటు దీనికే ఇవ్వండి. ఈ నేరంలో వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయవచ్చని, అయితే బెయిలు హక్కుగా దొరుకుతుందని, స్వాధీనంలో ఉన్న వ్యక్తి రాజీ పడవచ్చని కూడా రాయండి.

భూకబ్జాను ఇందులో కలపకండి. దానికోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1982లో వేరే చట్టమే చేశారు. అందులో కనీస శిక్షే ఆరు నెలలు, గరిష్ఠం ఐదేళ్లు. అలాగే దాడికి సిద్ధపడి ఇంట్లోకి చొరబడితే వర్తించే న్యాయ సంహిత 333వ సెక్షన్‌లో ఏడేళ్ల వరకు జైలు ఉంది. పాత శిక్షాస్మృతి 452లోనూ అంతే.

ఇక తేదీల మాట. నేరం జరిగిన నాటి చట్టంలో ఉన్నదానికి మించిన శిక్ష వేయరాదని రాజ్యాంగం 20(1) అధికరణ చెబుతోంది. 2024 జూన్ 30 సాయంత్రం జరిగిన ప్రవేశంపై తీర్పు ఎప్పుడు వచ్చినా జరిమానా 500 దాటదు. ‘ఇకపై పాత కేసులన్నిటికీ కొత్త జరిమానా’ అన్న మీ చివరి పేరాను తీసివేసి, శీర్షిక మార్చి, వ్యాసం మళ్లీ పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి