కొత్తవాడ డర్రీలు: స్టాళ్లు మానేసి ఆన్‌లైన్‌కే పోవాలా?

మీరడిగింది ఇదీ: వరంగల్ కొత్తవాడలో డర్రీలు (నేల మీద పరిచే చేనేత జంపఖానాలు) నేసే నాలుగు మగ్గాలు, ఇన్‌స్టాలో రెండు వేల మంది ఫాలోవర్లు. లైకులు పడుతున్నాయి గానీ ఆర్డర్లు లేవు, ఎగ్జిబిషన్ల కిరాయి మోయలేకపోతున్నాం, స్టాళ్లు బంద్ చేసి మొత్తం ఆన్‌లైన్‌కు మారమంటారా అని.

మానకండి. డర్రీ చేత్తో పట్టి చూసి కొనే సరుకు. మందమెంత, కాలికెట్లా తగుల్తది, వెనక అల్లిక శుభ్రంగా ఉందా అన్నది ఫోన్‌లో తెలియదు. మొదటిది స్టాల్‌లోనే కొంటారు. రెండోదీ, కొత్తింట్ల దిగే చెల్లెకు ఇచ్చేదీ ఫోన్‌లో అడుగుతారు. అడగాలంటే మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో ఉండాలి. మీకు లింకు తెగిపోయింది అక్కడే అనుకుంటున్నా.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పడతారు. అయితే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. గిరాకీల నంబర్లు నోట్‌బుక్‌లో రాసుకొచ్చి ఇంటికాడ లిస్టు తయారు చేస్తే సగం మందికి మెసేజ్ పోదు, పోలేదని మీకూ తెలియదు. అందుకే వాట్సాప్ చాట్ తెరిచే క్యూఆర్ ఒకటి చేయించండి. స్కాన్ చేయగానే "నుమాయిష్‌లో డర్రీ చూశాను" (నుమాయిష్ అంటే హైదరాబాద్‌లో ఏటా జరిగే ఎగ్జిబిషన్) లాంటి మాట ముందే టైపై ఉండేలా లింకు పెట్టుకోవచ్చు. బిల్లు రాసే ఆ ఒక్క నిమిషంలో స్కాన్ చేయించి, మెసేజ్ పంపించి, "నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త డిజైన్ దిగితే ఫొటో పెడతం" అని అక్కడే చెప్పాలి. మీ ఫోన్‌లో వాళ్ల పేరు పక్కన కొన్న సైజు, రంగు, ఊరు రాసుకోండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. పైసలు కట్టే క్యూఆర్ పక్కనే దీన్నీ అంటిస్తారు. జనం ఏది స్కాన్ చేయాలో తెలియక పేమెంటుదే స్కాన్ చేస్తారు. పేమెంటుది గల్లా దగ్గర, వాట్సాప్‌ది డర్రీలు వేలాడే చోట కంటి ఎత్తులో ఉండాలి. మీటరు దూరం నుంచి స్కాన్ అవ్వాలంటే కనీసం 10 సెంటీమీటర్ల చదరం కావాలి. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైట్ దాని మీద పడితే కెమెరా పట్టదు.

నెలకు రెండు మెసేజ్‌లు చాలు. రోజూ గుడ్‌మార్నింగులు, పండుగ శుభాకాంక్షలు పంపితే బ్లాక్ చేస్తారు. బ్లాకులు, రిపోర్టులు ఎక్కువైతే వాట్సాప్ మీ నంబర్‌నే ఆపేస్తుంది.

చేత్తో నేసిన ముక్క ఒక్కటే ఉంటుంది. దాన్నే స్టాల్‌లో ఒకరికి, ఫోన్‌లో ఇంకొకరికి అమ్మేస్తే ఒకరి దగ్గర మాట పోతుంది. ప్రతి డర్రీకి నంబర్ వేసి గుడ్డ ట్యాగ్ కుట్టండి, వాట్సాప్ క్యాటలాగ్‌లోనూ అదే నంబర్. అమ్ముడైన వెంటనే ట్యాగ్ సగం చింపి డబ్బాలో వేయాలి. రాత్రి ఆ ముక్కలు చూసి క్యాటలాగ్‌లో తీసేయాలి. మేడారం లాంటి జాతరలో సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి స్టాల్‌లో ఉండగానే ఫోన్‌లో మారుద్దాం అనుకోవద్దు, ఆ రోజులకు స్టాల్ సరుకును క్యాటలాగ్‌లో ముందే దాచిపెట్టండి.

ఇన్‌స్టా ఫొటోల సంగతి. ఎరుపు, మెరూన్ రంగులను ఫోన్ కెమెరా తరచూ ఎక్కువ చేసి చూపిస్తుంది, దీనివల్ల కూడా వాపసులు వస్తాయి. పొద్దున నీడ పడిన అరుగు మీద తీయండి, ఫిల్టర్ వద్దు. తీసిన ఫొటోను రెండు వేర్వేరు ఫోన్లలో, డర్రీ పక్కనే పెట్టి పోల్చండి. నిండు డర్రీ ఒకటి, మూల మడిచి వెనక వైపు కనిపించేది ఒకటి, కుచ్చులు ఒకటి, మందం తెలిసేలా అంచు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి, ఈ నాలుగూ ఉంటే చాలు. వీటి తర్వాత మగ్గం చప్పుడుతో పదిహేను సెకన్ల వీడియో. పవర్‌లూమ్ ప్రింట్లను వరంగల్ డర్రీలని అమ్మేవాళ్ల పక్కన మిమ్మల్ని వేరు చేసేది ఆ చప్పుడే. కొలత ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ ఉంటుందని ఫొటో కింద రాయండి. రంగు వదులుతుందో లేదో తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి అదీ రాయండి.

లాభం గుట్టు చప్పుడు లేకుండా పోయేది ప్యాకింగ్‌లో. చాలా కొరియర్లు బరువొక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి, వచ్చిన కిలోలు అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే చార్జ్ వేస్తాయి. 4×6 అడుగుల డర్రీని కిరాణా షాపు నుంచి తెచ్చిన 65×45×20 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే 11.7 కిలోల లెక్క. అదే డర్రీని వెడల్పున సగానికి మడిచి గట్టిగా చుడితే 61×17×17 వస్తుంది, 3.5 కిలోలే. లోపల పాలిథిన్, పైన ప్లాస్టిక్ సంచి, దబ్బనంతో కుట్టేటప్పుడు డర్రీకి నాలుగు వేళ్ల దూరం వదలండి, సూది దిగితే పోగు తెగుతుంది. అడ్రస్ కాగితం ఒకటి సంచి లోపల కూడా వేయాలి, పైది వానకు చెరిగిపోతుంది.

గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణం పిన్ సరిగ్గా షట్టర్ మీదే ఉండాలి. వేయిస్తంభాల గుడి, కోట చూడడానికి వచ్చినవాళ్లు కొత్తవాడ సందుల్లో వెతికేది దాన్ని పట్టుకునే. వీడియో వెరిఫికేషన్ అడిగితే వీధి, బోర్డు, లోపలి మగ్గం ఒకే వీడియోలో ఆపకుండా చూపించండి.

వరంగల్ డర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఊరి పేరుతో సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఆ పేరుతో లేబుల్ వేయాలంటే చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. జీఎస్టీ విషయానికొస్తే, అమెజాన్ లాంటి ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్ ద్వారా రాష్ట్రం లోపలే అమ్మే చిన్న వ్యాపారులు, టర్నోవర్ పరిమితి దాటకుంటే, 2023 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్ లేకుండా ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో అమ్మొచ్చు. రాష్ట్రం దాటితే వేరు, చేనేతకూ హస్తకళలకూ కొన్ని మినహాయింపులున్నాయి, మీ సరుకు వాటిలోకి వస్తుందో అకౌంటెంట్‌తో చూపించుకోండి.

పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఎప్పుడూ పంపకండి, మీ బ్యాంకు ఖాతాలో పడ్డాకే. క్యాష్ ఆన్ డెలివరీ అడిగితే కొరియర్ ఖర్చు ముందే తీసుకోండి. తలుపు దగ్గర వద్దన్న డర్రీకి రానుపోను రెండు చార్జీలూ మీ మీదే పడతాయి.

ఇక ఏ స్టాల్ మానాలి అన్నదానికి: క్యూఆర్‌లో ముందే టైపయ్యే మాటను ఒక్కో చోటికి ఒక్కో రకంగా పెట్టండి. నుమాయిష్‌కు ఒకటి, శిల్పారామానికి ఒకటి, హన్మకొండలో పెట్టేదానికి ఒకటి. స్టాల్ అయిపోయాక మూడు నెలలకు, ఆ మాటతో వచ్చినవాళ్లలో మళ్లీ ఎందరు కొన్నారో లెక్క పెట్టండి. ఆ అమ్మకాల్లో మిగిలిందీ, స్టాల్‌లో మిగిలిందీ కలిపి కిరాయి, లారీ, రూము ఖర్చులతో పోల్చండి. ఖర్చుకు తక్కువ పడిన స్టాల్‌ను వచ్చే ఏడు వదిలేయండి. నుమాయిష్ మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది, ట్యాగులూ క్యూఆర్‌లూ నవంబర్‌లోపు చేయించుకుంటే ఈసారే లెక్క తేలుతుంది.